మిషన్ నోట్లో నల్ల అట్ట

"నందవరం బస్సు ఎప్పుడు?"

అడిగింది కంబళ్లు అమ్మే ముసలివాడు. భుజం మీద నాలుగు కంబళ్లు, చేతిలో కర్ర, మొహాన మాసిన నెరిసిన గడ్డం. ఎమ్మిగనూరు బస్టాండులో అతన్ని చూసినవాళ్లెవరూ రెండోసారి చూడరు.

పక్కన బెంచీ మీద టూల్ బాక్స్ పెట్టుకుని కూర్చున్న యువకుడు పేపరు మడిచాడు. పేరు ఖాదర్ వలి. గూఢచార బ్యూరోలో కంప్యూటర్ తెలిసిన ఒకే ఒక్క ఏజెంట్. 1988లో అది చిన్న విషయం కాదు. బ్యూరోలో మిగతావాళ్లు కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని వెళ్లేవారు.

"నందవరం బస్సు నిన్ననే పోయింది," అన్నాడు ఖాదర్. అది కోడ్ జవాబు.

"ఎవరప్పా సెప్పింది నీకు?" అంది వెనకనుంచి మూట మోస్తున్న ఒకావిడ. "అద్దో, ఆడ నిలబడుండాది సూడు. పో తాతా, సీట్లుండాయి. ఓ కండక్టరన్నా! ఈ ముసలాయన్ను ఎక్కించుకో!"

హైదరాబాదులో కూర్చుని కోడ్ మాటలు తయారుచేసే పెద్దలకు ఎమ్మిగనూరు జనం మంచితనం గురించి తెలియదు. కండక్టరు దిగివచ్చి మరీ ముసలివాణ్ణి రెక్క పట్టి ఎక్కించాడు. ఖాదర్ కూడా ఎక్కక తప్పలేదు. ఆ రకంగా దేశభద్రతకు సంబంధించిన ఆ రహస్య సమావేశం నందవరం బస్సు వెనక సీట్లో జరిగింది.

ముసలివాడి అసలు పేరు దేవేంద్రప్ప. బ్యూరో ప్రాంతీయ అధిపతి. మారువేషాలంటే పిచ్చి.

"ఆదోనిలో మోరెల్ అనే విదేశీయుడు జిన్నింగ్ మిల్లు లీజుకు తీసుకున్నాడు," అన్నాడు గొంతు తగ్గించి. "పైకి పత్తి వ్యాపారం. లోపల మన సైనిక స్థావరాల మీద నిఘా ముఠా. వాడి దగ్గరొక కంప్యూటర్ ఉంది."

"సిస్టమ్?"

"డాస్. మిల్లు లెక్కలన్నీ దాంట్లోనే. మొన్న వాళ్ల హెడ్‌క్వార్టర్స్ నుంచి ఒక కొరియర్ వచ్చి అదే హార్డ్ డిస్క్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. యూనిక్స్. దాంతోపాటు లోపల ఒక మెసేజ్ కూడా కూర్చుంది. ఆ సిస్టమ్ బూట్ అయితేనే మెసేజ్ తెరుచుకుంటుంది."

"తెచ్చిన ఫ్లాపీలు?"

"ఎక్కించగానే కాల్చెయ్యాలని వాళ్ల రూలు. కాల్చేశాడు. బండెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మోరెల్ స్విచ్ వేస్తే ఎర్రర్! బూట్ కాలేదు." దేవేంద్రప్ప నవ్వాడు. రూల్సు పాటించడంలో విదేశీ గూఢచారులు మన గుమస్తాలకు ఏమాత్రం తీసిపోరు. "సర్వీస్ ఇంజినీర్ కావాలని హైదరాబాదుకు ఫోన్ చేశాడు. ఆ ఇంజినీరువి నువ్వే."

"మెసేజ్‌లో ఏముంది సార్?"

"మన మనిషి ఒకడు ఆ ముఠాలో ఉన్నాడు. ఎవరో నీకు అనవసరం. వాడి పేరుంది అందులో. మోరెల్ అది చదివాడా, మనవాడు శవం." జేబులోంచి ఒక నల్లటి ఫ్లాపీ తీసి ఇచ్చాడు. "ముందు దాన్ని బూట్ చెయ్యి. బాగా పనిచెయ్యాలి. తర్వాత ఇది పెట్టి రన్ చెయ్యి. మెసేజ్‌ను కాపీ చేసుకుని అక్కడ తుడిచేస్తుంది. నువ్వు మాత్రం చదవొద్దు. అది ఆర్డర్."

నందవరంలో ఇద్దరూ దిగి చెరో దిక్కుకు పోయారు. దేవేంద్రప్ప కంబళి ఒకటి నిజంగానే అమ్ముడుపోయింది.

* * *

ఆదోని మిల్లు గేటులో ఒక అంబాసిడర్ కారు ఆగి ఉంది. డ్రైవర్ బానెట్ తుడుస్తున్నాడు. అతన్ని చూడగానే ఖాదర్ అడుగు తడబడింది.

జయన్న!

ట్రైనింగులో ఇద్దరిదీ ఒకే గది. ఖాదర్‌కు కామెర్లు వచ్చినప్పుడు నెల్లాళ్లు పథ్యం వండిపెట్టింది జయన్నే. మూడేళ్లుగా ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది, ఇక్కడున్నాడు. ఆ హార్డ్ డిస్క్‌లో ఉన్న పేరు ఎవరిదో కూడా తెలిసింది.

"ఎవరు కావాలప్పా?" అన్నాడు జయన్న, ముక్కూ మొహం తెలియనట్టు.

"కంప్యూటర్ రిపేరు కోసం వచ్చినా."

"లోపలికి పో. దొర సూస్తాండాడు నీ కోసమే." మళ్లీ బానెట్ మీదికి వంగాడు. ఖాదర్‌కు భయం వేసింది. తన కోసం కాదు.

కంప్యూటర్ గది ముందు మిస్ శాంటాస్ నిలబడి ఉంది. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, గాలికి ముందే వచ్చే సెంటు. మిల్లులో ప్రతి మనిషి మీదా దూది నూగు వాలుతుంది, ఆమె మీద మాత్రం వాలదు. పుట్టింది చిప్పగిరిలో, తల్లిదండ్రులు పెట్టిన పేరు సంతోషమ్మ. మోరెల్‌కు సెక్రెటరీ. బ్యూరోకు అప్పుడప్పుడు కబుర్లు పంపే మనిషి కూడా. ఆమె నిజంగా ఎవరి పక్షమో ఇరుపక్షాల్లో ఎవరికీ తెలియదు.

"ఇంజినీరుగారూ, టూల్ బాక్స్ అంత గట్టిగా పట్టుకున్నారే?" అంది.

"బస్సు ప్రయాణం మేడమ్."

మోరెల్ లోపల కుర్చీలో ఉన్నాడు. ఎర్రటి మొహం, తెల్లటి సూటు. సొరుగు సగం తెరిచి ఉంది. అందులో పిస్టల్ కనిపించాలనే అలా ఉంచాడు.

"ఈ మిల్లులో నా రూలు ఒకటే," అన్నాడు ఇంగ్లీషులో. "సైరన్ మోగితే కంప్యూటర్ ఆఫ్ చేసి అందరూ బయటికి రావాలి. దూది దులపాలి. లేకపోతే ఈ నూగు నా మిషన్‌ను తినేస్తుంది. మిగతా టైమంతా నీది. సాయంత్రానికల్లా అది బూట్ కావాలి."

ఖాదర్ స్విచ్ వేశాడు. ఫ్యాన్ గుర్రుమంది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు.

మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్.

మోరెల్ నిట్టూర్చి లేచి వెళ్లాడు. మిస్ శాంటాస్ గుమ్మంలోనే నిలబడింది.

"ఎందుకొస్తుంది ఇది?" అంది.

"ఒక ఇంట్లో రెండు కాపురాలు మేడమ్. మధ్య గోడ కట్టినారు, దాన్ని పార్టిషన్ అంటాం. బయట తలుపు కొడితే ఎవరు తీయాల? దానికి ఒక గుర్తు పెట్టాల. ఆ కొరియర్ గోడ కట్టినాడు గానీ గుర్తు పెట్టేది మరిచినాడు. ఇద్దరూ పలకడం లేదు."

"తలుపు తీసినవాడు మంచివాడో కాదో?"

ఆమె కళ్లద్దాల వెనక ఏముందో ఖాదర్‌కు అంతుపట్టలేదు. తన సర్వీస్ ఫ్లాపీ పెట్టి పార్టిషన్ టేబుల్ తెరిచాడు. అనుకున్నదే. రెండు వరుసలున్నాయి, రెండింటికీ యాక్టివ్ గుర్తు లేదు. రెండోదానికి గుర్తు పెట్టాడు. సేవ్ చేశాడు. ఫ్లాపీ తీసేశాడు. రీస్టార్ట్ చేయబోతుండగా మధ్యాహ్నం సైరన్ మోగింది.

స్విచ్ ఆపి బయటికి నడవక తప్పలేదు. చీపురు, పాత గుడ్డ పట్టుకుని హుసేనమ్మ ఎదురొచ్చింది. పత్తినుంచి గింజ తీసే జిన్ను మిషన్ల దగ్గర తల నెరిసిన మనిషి. ఇప్పుడు కంప్యూటర్ గది ఊడ్చే పని కూడా ఆమెదే.

భోజనం సగంలో వదిలేశాడు. తిరిగి వచ్చి స్విచ్ వేశాడు.

నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్.

ఖాదర్ తెర దగ్గరికి వంగాడు. ఇది వేరే ఎర్రర్! ఇందాక లేదు. బూట్ రికార్డ్ పాడయిందా? తనే పాడు చేశాడా? మూత విప్పాడు. హార్డ్ డిస్క్ కేబుల్ నొక్కి చూశాడు. బాగానే ఉంది. సెటప్‌లోకి వెళ్లాడు. డిస్క్ టైపు సరిగ్గానే ఉంది. మళ్లీ స్విచ్. మళ్లీ అదే మాట. మెసేజ్ పోతే పోనీ, జయన్న బతుకుతాడు అనుకున్నాడొక క్షణం. కానీ మోరెల్ ఇంకొక ఇంజినీరును పిలుస్తాడు. ఆ ఇంజినీరుకు జయన్న ఎవరో తెలియదు.

మూత బిగించబోతూ ఆగాడు. ఫ్లాపీ డ్రైవ్ లీవర్, ఫ్లాపీ పెట్టాక బిగించేది, కిందికి ఉంది.

తను పైకి పెట్టి వెళ్లాడు. ఖాయంగా పైకే పెట్టాడు. లీవర్ ఎత్తితే లోపలినుంచి ఒక నల్లటి ఫ్లాపీ జారి వచ్చింది. మిల్లు లెక్కల ఫ్లాపీ. దాంట్లో సిస్టమ్ ఉండదు. మిషన్ ముందు ఫ్లాపీలో వెతికి, అక్కడ ఏమీ లేక, హార్డ్ డిస్క్ దాకా పోకుండానే ఏడుస్తోంది.

"హుసేనమ్మా! ఇది నువ్వేనా పెట్టింది?"

"అవునప్పా," అంది ఆమె గుమ్మంలో నిలబడి. "మిషన్ ఆపినాక దాని నోరు ఖాళీగా పెట్టకూడదు. జిన్ను ఆపినప్పుడు దాని నోట్లో గుప్పెడు పత్తి పెట్టి పోతాం. మా అమ్మ కాన్నుంచీ అంతే. ఖాళీ నోటితో పండుకుంటే మల్లా లెయ్యదు మిషన్. దీనికీ పత్తే పెట్టినా ముందు, ఆ అద్దాల పాప తిట్టింది. అందుకని ఈడ ఏ నల్ల అట్ట దొరికితే అది పెడతాండా."

"అట్ట పెడ్తేనే ఇది లెయ్యడంల్యా అవ్వా! ఇంకెప్పుడూ పెట్టొద్దు. నీకు దండం పెడతా."

"సరేలే నాయనా," అంది హుసేనమ్మ. మొహం చిన్నబోయింది. "సదువుకున్నోళ్లు సెప్పినాక ఇంగేముంది."

ఆమె వెళ్లాక స్విచ్ వేశాడు. తెర మీద బూట్ అనే ఒక్క మాట వచ్చి ఆగింది. ఎంటర్ నొక్కాడు. హార్డ్ డిస్క్ కరకరలాడింది. పచ్చటి వరుసలు పైకి పాకాయి. రెండో సిస్టమ్ నిద్ర లేచింది!

గదిలో ఎవరూ లేరు. దేవేంద్రప్ప ఇచ్చిన ఫ్లాపీ పెట్టి ప్రోగ్రామ్ పిలిచాడు.

దొరకలేదంది.

మళ్లీ పిలిచాడు. ఫ్లాపీలో ఏమేమున్నాయో అడిగాడు. ఏమీ లేవు. ఫార్మాట్ చేసిన ఉత్త ఫ్లాపీ. కాపీ చేసేది లేదు, తుడిచేది లేదు.

ఖాదర్ గుమ్మం వైపు ఒకసారి చూశాడు. ఆర్డర్‌ను పక్కన పెట్టి మెసేజ్ తెరిచాడు.

"నీ డ్రైవర్ జయన్న బ్యూరో మనిషి. తీసెయ్యి. చెప్పింది వాళ్ల ప్రాంతీయ అధిపతి దేవేంద్రప్ప. రోజూ సాయంత్రం ఆదోని స్టేషన్‌లో కంబళ్లు అమ్ముతుంటాడు. గుంతకల్లు బండి ఎప్పుడని అడుగు. గుంతకల్లు బండికి గార్డు లేడంటాడు. అతనికి చేరాల్సిన డబ్బు చేర్చు."

బాగా పనిచెయ్యాలి అన్నాడు ముసలివాడు. చదవొద్దన్నాడు. తన పేరు కూడా అందులో ఉంటుందని మాత్రం ఊహించి ఉండడు. జయన్నను చంపే తలుపు తీయడానికి జయన్న స్నేహితుణ్ణే పంపాడు. ఖాదర్‌కు కోపం తన్నుకొచ్చింది.

మెసేజ్ తుడిచెయ్యాలి. సర్వీస్ ఫ్లాపీ కోసం టూల్ బాక్స్ మీదికి చెయ్యి చాచాడు.

"అయిందా?"

గుమ్మంలో మోరెల్. వెనక మిస్ శాంటాస్. ఖాదర్ వేళ్లు తెరను ఖాళీ చేశాయి. అంతకుమించి ఏమీ చేయలేకపోయాయి.

"అయింది సర్."

మోరెల్ తెర చూసి పళ్లన్నీ బయటపెట్టాడు. అప్పుడే షిఫ్టు మారే సైరన్ మోగింది. మోరెల్ తనే వంగి స్విచ్ ఆపాడు. "నీ పని ముగిసింది. దులపడం కాగానే నేనే ఆన్ చేస్తాను. ఇక దీన్ని ముట్టుకోవద్దు. నా పక్కనే ఉండు."

డ్రైవ్‌లో ఉన్న ఉత్త ఫ్లాపీని తీసి మానిటర్ మీద పెట్టాడు ఖాదర్, అందరూ చూస్తుండగానే. లీవర్ పైకి ఉంచాడు. టూల్ బాక్స్ తీసుకుని బయటికి నడిచాడు.

హుసేనమ్మ చీపురుతో లోపలికి వెళ్లింది.

వరండాలో మోరెల్, మిస్ శాంటాస్, ఖాదర్. జయన్న సోడాలు తెచ్చాడు. ఒక సోడా మోరెల్‌కు ఇచ్చాడు, ఒకటి ఖాదర్‌కు. చల్లగా ఉంది తాగప్పా, అన్నాడు. ఖాదర్ అతని కళ్లలోకి చూశాడు. పరుగెత్తమని చెప్పడానికి లేదు. మోరెల్ చెయ్యి కోటు జేబులో ఉంది. పిస్టల్ సొరుగులోంచి ఎప్పుడు జేబులోకి మారిందో.

ఇప్పుడంతా ఆ ముసలావిడ చేతిలో ఉంది. మధ్యాహ్నం దండం పెట్టి మరీ వద్దన్నాడు. ఆమె సరేనంది. మాట వినవద్దు అవ్వా, ఈ ఒక్కసారికి నా మాట వినవద్దు, అనుకుంటూ నిలబడ్డాడు. సోడా ఒక గుటక కూడా తాగలేదు.

లోపల చీపురు చప్పుడు ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. హుసేనమ్మ బయటికి వచ్చింది. ఖాదర్ వైపు చూడకుండా, కొంగు సర్దుకుంటూ, చకచకా జిన్నుల వైపు వెళ్లిపోయింది.

"రండి," అన్నాడు మోరెల్. "జయన్నా, నువ్వూ రా. గుమ్మంలో ఉండు."

మోరెల్ కూర్చున్నాడు. పిస్టల్ బల్ల మీద పెట్టాడు. స్విచ్ వేశాడు. ఫ్యాన్ గుర్రుమంది. మెమరీ లెక్క మొదలయింది. ఖాదర్ మానిటర్ పైకి చూశాడు. ఫ్లాపీ అక్కడ లేదు.

నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్. స్ట్రైక్ ఎనీ కీ.

మోరెల్ ఒక కీ కొట్టాడు. అదే మాట. ఇంకో కీ. అదే మాట. పిడికిలితో కొట్టాడు.

"ఏం చేశావు?" పిస్టల్ ఖాదర్ వైపు తిరిగింది.

"నేను కాదు సర్. ఆపినప్పుడు డిస్క్ దెబ్బతిని ఉంటుంది. సరిగ్గా ఆపే పద్ధతి వేరే ఉంది. మీరు స్విచ్ నొక్కేశారు."

మోరెల్ మొహంలో ఎరుపు తగ్గింది. ఖాదర్ ఓరకంట చూశాడు. మిస్ శాంటాస్ కళ్లద్దాలు తీసింది. ఆమె చూపు తిన్నగా ఫ్లాపీ డ్రైవ్ మీద ఉంది. కిందికి వంగిన లీవర్ మీద. రోజూ ఆ మిషన్ మీద మిల్లు లెక్కలు కొట్టేది ఆమే. ఒక్క మాట అంటే చాలు.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. లైటర్ తీసింది. మోరెల్‌కూ మిషన్‌కూ మధ్యకు వచ్చి నిలబడి, అతని పెదాల మధ్య సిగరెట్ వెలిగించింది.

"కంగారుపడకండి. ఇంజినీరును చూడనివ్వండి," అంది.

ఆ చీర చాటున ఖాదర్ లీవర్ ఎత్తాడు. ఉత్త ఫ్లాపీ అరచేతిలోకి, అక్కడినుంచి చొక్కాలోకి. దాని చోట్లోకి సర్వీస్ ఫ్లాపీ.

"సర్ఫేస్ టెస్ట్ చెయ్యాలి సర్. డిస్క్‌లో ఎక్కడ దెబ్బ తగిలిందో చూపిస్తుంది."

తెర అడిగింది. పార్టిషన్ రెండు. సర్ఫేస్ టెస్ట్. మొదలుపెట్టమంటారా? వై, ఎన్.

"మీ మిషన్. మీరే నొక్కండి," అన్నాడు ఖాదర్ వినయంగా.

మోరెల్ వై నొక్కాడు.

ఆ పరీక్షకు డిస్క్ మీద తప్ప, డిస్క్‌లో ఉన్నదాని మీద ఏ మమకారమూ లేదు. ప్రతి ట్రాక్ మీదా సున్నాలు రాస్తుంది, మళ్లీ చదువుతుంది, బాగుందంటుంది, ముందుకు పోతుంది. ఎర్ర లైటు ఆరకుండా వెలిగింది. బాగుంది, బాగుంది, బాగుంది అంటూ వరుసలు పాకాయి. మోరెల్ తృప్తిగా పొగ వదిలాడు. చివరి వరుస వచ్చింది. లోపాలు లేవు.

"చూశారా, డిస్క్ నిక్షేపంగా ఉంది," అన్నాడు ఖాదర్.

"మరి మెసేజ్?"

"డిస్క్ మాత్రమే సర్."

మోరెల్‌కు అర్థం కావడానికి ఒక దమ్ము పట్టింది. పిస్టల్ మీదికి చెయ్యి పోయింది. ఖాదర్ బల్లను కాలితో తన్నాడు. పిస్టల్ ఎగిరి గుమ్మంలో జయన్న కాళ్ల దగ్గర పడింది. మోరెల్ వెనక్కి తిరిగి కిటికీలోంచి దూకాడు.

పత్తి వ్యాపారం పైకి మాత్రమే చేసేవాడికి పత్తి గురించి తెలియదు. కిటికీ కింద జిన్నుకు పోవాల్సిన వదులు పత్తి మనిషెత్తు కుప్ప. పరుగు తీద్దామని ఒక అడుగు వేస్తే మోకాళ్లదాకా దిగాడు. ఇంకొకటి వేస్తే నడుముదాకా. జయన్న కిటికీలో మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఆడే ఉండు దొరా. ఎంత కదిలితే అంత లోపలికి పోతావు."

ఖాదర్ మిస్ శాంటాస్ వైపు తిరిగాడు. "ఎందుకు చెప్పలేదు?"

"లీవర్ సంగతా?" ఆమె కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకుంది. భాష ఒక్కసారిగా చిప్పగిరి చేరింది. "నాలుగు నెల్లుగా కార్లో నా ముందర కూసుంటాండాడు ఆ జయన్న. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి సూళ్లేదు. అట్లాంటోన్ని సంపుతారని, సోడా తాగకుండా నువ్వు వాన్ని సూసిన సూపులోనే తెలిసిపాయ. ఎట్ల సెప్పేదన్నా?"

గుమ్మంలో జయన్న చెవులు ఎర్రబడ్డాయి.

* * *

సాయంత్రం ఆదోని స్టేషన్‌లో కంబళ్ల ముసలివాడి దగ్గరికి షిఫాన్ చీర వచ్చి ఆగింది.

"గుంతకల్లు బండి ఎప్పుడు తాతా?"

"వచ్చే టైమయింది పాపా," అన్నాడు పక్కనుంచి సోడాలమ్మే ఖలందర్. "టిక్కెట్టు తెచ్చుకో బిరబిరా."

దేవేంద్రప్ప ఈసారి కంగారుపడలేదు. సోడాల మనిషి దూరం పోయేదాకా ఆగి, చెయ్యి చాచాడు. "గుంతకల్లు బండికి గార్డు లేడు. తెచ్చారా?"

చాచిన చేతికి బేడీ పడింది. వేసినవాడు జయన్న. అతన్ని ప్రాణాలతో చూసి ముసలివాడు నోరు తెరిచేసరికి, అంటించుకున్న గడ్డం ఒక పక్కకు ఊడింది.

ఖాదర్ చొక్కాలోంచి నల్లటి ఫ్లాపీ తీసి, ఆ కంబళ్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"మీ ఫ్లాపీ సార్. బ్రహ్మాండంగా పనిచేసింది."

మర్నాడు పోలీసులు మిల్లులోని ఫ్లాపీలన్నీ మూట కట్టారు. కంప్యూటర్‌కు గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి హైదరాబాదుకు పంపారు. అక్కడ ముగ్గురు నిపుణులు కూర్చుని సీలు విప్పి చూసేసరికి, ఫ్లాపీ డ్రైవ్ నోట్లో గుప్పెడు ఆదోని పత్తి ఉంది.